జో థాంప్సన్ ఇంట్లో గురువారాలు

ఈసారి రాత కొంచెం పొడుగైంది. పోయినసారి మగ్గాల గురించి రాస్తే "సగం చదివి నిద్రపోయినం" అన్నవాళ్ళున్నారు. వాళ్ళు దీన్ని రెండు రోజులు చదువుకోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడడం వచ్చి, చదవడం రాని పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. మన షోలాపూర్‌లో అట్లాంటి ఇళ్ళే ఎక్కువ కదా.

విషయం అమెరికాది. నార్త్ కరోలినా రాష్ట్రంలో పుట్టిన ఒక వాద్యబృందం కథ. పేరు కరోలినా చాకొలెట్ డ్రాప్స్. మన పేట పిల్లవాడొకడు ఆ రాష్ట్రంలోనే కేరీ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాడు పంపిన పాటలు మేము నలుగురైదుగురం ఒక ఆదివారం సంఘం ఆఫీసులో పెట్టుకుని విన్నాం. "ఒకటే తిప్పి తిప్పి వాయిస్తున్నరు గదా" అని ఒకాయన సణిగాడు. మూడో పాటకు అందరికంటే ముందు కాలు ఆడించింది ఆయనే. అప్పటినుంచి వాళ్ళ గురించి దొరికినంత చదివాం, అర్థం కానిచోట ఆ పిల్లవాడికి ఫోన్లు చేసి సతాయించాం.

ముందు ఆ సంగీతం ఏమిటో చెప్పాలి. అమెరికా తూర్పు వైపు అపలాచియన్ కొండలు పొడుగునా ఉన్నాయి. ఆ కొండల్లోనూ, వాటి కింది మెట్టభూముల్లోనూ పల్లెజనం ఇళ్ళలో వాయించుకున్న పాత సంగీతాన్ని అక్కడ ఓల్డ్‌టైమ్ అంటారు, కొండ సంగీతం అనీ అంటారు. ఫిడేలు, బాంజో ముఖ్యం, తర్వాత గిటారు చేరింది. అన్నీ తీగల వాద్యాలే కాబట్టి స్ట్రింగ్ బ్యాండ్ అని పేరు. బాంజోకు డప్పులాగా తోలు బిగించిన గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి మెడ, అయిదు తీగలు. అయిదో తీగ పొట్టిది, మెడ మధ్యలోనే ఆగిపోతుంది. దాన్ని బొటనవేలితో మీటుతూనే ఉంటారు. పాట ఎటు తిరిగినా ఆ ఒక్క స్వరం మన తంబూరా శ్రుతిలాగా మోగుతూ ఉంటుంది. మిగతా తీగల్ని గోటితో పైనుంచి కిందికి కొడతారు. అందుకే మీటినట్టు కాకుండా దరువు వేసినట్టు వినిపిస్తుంది.

ఫిడేలు సంగతి ఇంకా ముచ్చటైనది. మామూలు ఇంగ్లీషు శ్రుతి వదిలేసి, చాలా పాటలకు తీగల్ని వేరేగా బిగిస్తారు. ఆ బిగింపుల్లో ఒకటి సరిగ్గా మన కర్ణాటక కచేరీ ఫిడేలు శ్రుతే: స, ప, పైన మళ్ళీ స, ప. ఎవరి దగ్గరా ఎవరూ నేర్చుకున్నది కాదు. ఒక తీగ మీద పాట, పక్క తీగ మీద శ్రుతి కావాలనుకున్నవాళ్ళు ఇక్కడా అక్కడా అదే బిగింపుకు వచ్చారు. సంగీతం తెలిసిన మన మాస్టారు ఈ మాట విని ఆ రోజంతా సంతోషంగా ఉన్నారు.

ఇది కూర్చుని వినే సంగీతం కాదు, ఆడడానికి వాయించేది. ఒక్కో పాటకు రెండు భాగాలు, ఒక్కోటి రెండుసార్లు. అది అయ్యాక మళ్ళీ మొదటికి. ఆడేవాళ్ళు అలిసేదాకా అదే. మక్కకంకుల పొట్టు ఒలిచే పనికి ఇరుగుపొరుగు అందరూ వచ్చేవాళ్ళు. పని అయ్యాక భోజనం, తర్వాత ఆట. ఇంట్లో సామాను బయట పెట్టేవాళ్ళు. రెండు గదుల మధ్య గడపలో వాయించేవాళ్ళు కూర్చుంటే రెండు గదుల్లోనూ జనం ఆడేవాళ్ళు. 1920లలో గ్రామఫోను కంపెనీలు ఈ పాటల్ని రికార్డు చేసినప్పుడు ఒక్కో వైపుకు 3 నిమిషాలే పట్టేది. ఇప్పుడు చాలామంది విన్నది ఆ 3 నిమిషాల ముక్కనే.

బాంజో అనగానే అక్కడివాళ్ళకు గడ్డం పెంచుకున్న తెల్ల కొండమనిషి కళ్ళలో కదులుతాడట. అసలు కథ వేరు. పశ్చిమ ఆఫ్రికాలో సొరకాయ బుర్రకు తోలు బిగించి తీగలు కట్టిన వాద్యాలున్నాయి. అకొంటింగ్ అనేది అందులో ఒకటి, ఇప్పటికీ వాయిస్తున్నారు. బానిసలుగా ఓడల్లో తెచ్చిన ఆఫ్రికా జనం ఆ వాద్యాన్ని జ్ఞాపకంలో మోసుకొచ్చి, కరీబియన్ దీవుల్లోనూ అమెరికాలోనూ మళ్ళీ చేసుకున్నారు. అదే బాంజో. యూరప్ ఫిడేలునూ వాళ్ళే పట్టారు, తెల్లదొరల విందుల్లో వాయించినవాళ్ళలో నల్ల ఫిడేలుకారులు చాలామంది. ఫిడేలు, బాంజో కలిసిన ఈ జత రెండు ఖండాలు ఒకే వాకిట్లో కలిస్తే పుట్టింది.

మరి అది వాళ్ళ చేతుల్లోంచి ఎట్లా పోయింది? 1840లలో తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని, బాంజో పట్టుకుని, నల్లవాళ్ళను వెక్కిరించే నాటకాలు మొదలుపెట్టారు. మిన్‌స్ట్రెల్ షోలు అంటారు. దశాబ్దాల తరబడి దేశమంతా విరగబడి చూసింది. తమ వాద్యమే తమను ఎగతాళి చేసే సాధనమైతే ఎవరికి పట్టుకోబుద్ధవుతుంది? తర్వాత రికార్డు కంపెనీలు వచ్చి పాటల్ని రెండు అరల్లో సర్దాయి. నల్లవాళ్ళవి ఒక అర, కొండ తెల్లవాళ్ళవి ఒక అర. నల్లవాళ్ళు బ్లూస్ పాడాలి, తెల్లవాళ్ళు ఫిడేలు వాయించాలి. ఫిడేలు, బాంజో పట్టుకున్న నల్ల బృందం ఏ అరలోనూ పట్టదు, కాబట్టి రికార్డయినవాళ్ళు చాలా తక్కువ. జనం పట్నాలకు వలస పోయారు, కొత్త తరానికి కొత్త పాటలు వచ్చాయి. మూడు నాలుగు తరాలు గడిచేసరికి నల్ల పిల్లలే "అది మాది కాదు" అనుకునే స్థితి వచ్చింది.

ఈ సంగీతాన్ని కాపాడినవాళ్ళు అంతకుముందు లేరని కాదు. 1958లో న్యూయార్క్‌లో మైక్ సీగర్, జాన్ కోహెన్, టామ్ పేలీ అనే ముగ్గురు కలిసి న్యూ లాస్ట్ సిటీ ర్యాంబ్లర్స్ అనే బృందం పెట్టారు. పట్నం పిల్లలు. 1920, 30లలోని పాత రికార్డులు అరిగిపోయేలా విని, అచ్చం అట్లాగే వాయించడం నేర్చుకున్నారు. అంతటితో ఆగలేదు. జాన్ కోహెన్ 1959లో కెంటకీ కొండలకు వెళ్ళి రాస్కో హోల్కంబ్ అనే కూలిమనిషి పాటలు రికార్డు చేసి లోకానికి వినిపించాడు. 1961 నుంచి అట్లాంటి పెద్దవాళ్ళను న్యూయార్క్‌కు రప్పించి కచేరీలు పెట్టించాడు. పెద్ద పనే. ఓల్డ్‌టైమ్ ఇవాళ ఇంత వినిపిస్తున్నదంటే వాళ్ళ చలవ ఉంది. కానీ ఆ పాటలు పుట్టిన నల్లవాడల్లో పిల్లలు మళ్ళీ ఫిడేలు పట్టడం అనేది అప్పటికి జరగలేదు.

ఇప్పుడు జో థాంప్సన్ దగ్గరికి వద్దాం. నార్త్ కరోలినాలో మెబన్ అనే చిన్న ఊరి మనిషి. అది కొండల మీద కాదు, కొండల కింది మెట్టప్రాంతం. కొండ సంగీతం అని పేరు పెట్టినా పాటలు గీత గీసుకుని పైన ఆగవు కదా. 1918లో పుట్టాడు. తండ్రి ఫిడేలు వాయించేవాడు, అన్నదమ్ములు వాయించేవాళ్ళు. చిన్నప్పుడు ఫిడేలుకు తీగలు లేకపోతే దోమల జాలీ తలుపు నుంచి తీగ పీకి కట్టుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. పెద్దయ్యాక కుర్చీలు బల్లలు చేసే కారఖానాలో పనికి కుదిరాడు. ఆటలు తగ్గిపోయాయి, ఫిడేలు మూలకు పోయింది. 1970లలో జానపదాలు వెతికేవాళ్ళు వచ్చి అడిగితే, జో, ఆయన దాయాది ఓడెల్ మళ్ళీ వాద్యాలు దింపారు. జో ఫిడేలు, ఓడెల్ బాంజో. ఇద్దరూ 1990లో న్యూయార్క్ కార్నెగీ హాల్ దాకా వెళ్ళి వాయించారు.

1994లో ఓడెల్ పోయాడు. బాబ్ కార్లిన్ లాంటి తెల్ల మిత్రులు బాంజోతో తోడు నిలిచారు. అది చిన్న సాయం కాదు. కానీ సొంత జనంలోంచి, సొంత వాడలోంచి "నాకు నేర్పు తాతా" అని వచ్చినవాళ్ళు లేరు. 2001లో ఆయనకు పక్షవాతం కూడా వచ్చింది. అయినా ఫిడేలు వదల్లేదు.

2005 ఏప్రిల్‌లో, అదే రాష్ట్రంలో బూన్ అనే కొండ ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో నల్లవాళ్ళ బాంజో గురించి ఒక సమావేశం జరిగింది. అక్కడ ముగ్గురు కుర్రవాళ్ళు కలిశారు. రియానన్ గిడెన్స్, గ్రీన్స్‌బరో అమ్మాయి, పెద్ద కాలేజీలో ఒపెరా పాట నేర్చుకుని వచ్చింది. జస్టిన్ రాబిన్సన్ ఆ రాష్ట్రంవాడే. డామ్ ఫ్లెమన్స్ మాత్రం ఎక్కడో అరిజోనా ఎడారి నుంచి వచ్చాడు. ఆ ఎండాకాలం నుంచి ముగ్గురూ ప్రతి గురువారం సాయంత్రం మెబన్ వెళ్ళి జో థాంప్సన్ ఇంట్లో కూర్చున్నారు. అప్పటికి ఆయనకు 86 ఏళ్ళు.

మమ్మల్ని పట్టుకున్నది ఈ గురువారాలే. అక్కడ బోర్డు లేదు, పుస్తకం లేదు, "ఇది ఇట్లా, అది అట్లా" అని చెప్పడం లేదు. ఆయన వాయిస్తాడు, వీళ్ళు వెంట పడతారు. తప్పినా ఆగరు. అదే పాట మళ్ళీ, మళ్ళీ. ఆయన కమాను పొట్టిగా, తెంపు తెంపుగా కదులుతుంది. అది తండ్రి తాతల నుంచి వచ్చిన పద్ధతి. ఆ కమాను ఆడే తీరు రికార్డులో చెవికి వినిపిస్తుంది గానీ, మోచేయి ఎక్కడ ఆగుతుందో పక్కన కూర్చుంటేనే కనిపిస్తుంది. ఇంకో సంగతి. ఆయన వీళ్ళకు నేర్పుతున్నాడని అందరూ రాశారు. వీళ్ళు ఆయనకు ఏమిచ్చారో కూడా చూడాలి. ఓడెల్ పోయిన తర్వాత ఖాళీ అయిన కుర్చీలో తన వాడ పిల్లలు బాంజో పట్టుకుని కూర్చున్నారు. ఫిడేలు ఒంటరిగా మోగుతుంది, ఆట మాత్రం జతలోనే పుడుతుంది.

బృందానికి పేరు పాతవాళ్ళ మీద గౌరవంతో పెట్టుకున్నారు. 1930 నాటికే టెన్నెస్సీ చాకొలెట్ డ్రాప్స్ అని ఒక నల్ల స్ట్రింగ్ బ్యాండ్ ఉండేది. వీళ్ళు కరోలినావాళ్ళు కాబట్టి కరోలినా చాకొలెట్ డ్రాప్స్. బజార్లలో, బడుల్లో, ఊళ్ళ ఆటల్లో వాయించారు. 2007లో జో థాంప్సన్‌కు అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. 2010లో వీళ్ళ జెన్యూయిన్ నీగ్రో జిగ్ ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడు దానికి గ్రామీ అవార్డు. తాత అప్పటికి బతికే ఉన్నాడు, 2012 ఫిబ్రవరిలో 93 ఏళ్ళకు పోయాడు.

బృందం ఎప్పటికీ అట్లాగే ఉండలేదు. జస్టిన్ 2011లో, డామ్ 2013లో ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. మన భజన బృందాలు విడిపోయినంత గొడవ అయిందో లేదో మాకు అనవసరం. రియానన్ 2023లో ఒమర్ అనే ఒపెరాకు పులిట్జర్ బహుమతి పంచుకుంది. మన పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, 2024లో బియాన్సే పాడిన టెక్సస్ హోల్డ్ ఎమ్ పాటలో బాంజో మోగుతుంది చూడండి, ఆ చేయి రియానన్‌ది. 2025లో రియానన్, జస్టిన్ మళ్ళీ కలిసి ఫిడేలు, బాంజోతో ఒక ఆల్బమ్ విడుదల చేశారు. స్టూడియోలో కాదు. జో థాంప్సన్ ఇంటి దగ్గర ఆరుబయట కూడా కూర్చుని వాయించారు. 13 ఏళ్ళకోసారి నేలలోంచి బయటికొచ్చే కీచురాళ్ళలాంటి పురుగులు అప్పుడే లేచాయి. వాటి రొద పాటలో అట్లాగే ఉంచేశారు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నామో మీలో సగంమందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. బతుకమ్మ వస్తున్నది.

మన తాతముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి ఈ ఊరికి వచ్చినప్పుడు మూటల్లో పెద్దగా ఏమీ లేవు. పాటలు వచ్చాయి. ఇక్కడ పూర్వ విభాగ్ గల్లీల్లో మగవాళ్ళు మగ్గాల దగ్గరుంటే, ఆడవాళ్ళు చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ అవే పాటలు పాడుకున్నారు. ఒకరు అందుకుంటారు, పదిమంది తిరిగి అంటారు. రాత, పుస్తకం లేవు. మరాఠీ బడికి పోయిన పిల్లలు కూడా చెవితోనే నేర్చుకున్నారు. ఇప్పుడు బతుకమ్మకు పెద్ద పెద్ద స్పీకర్లు వస్తున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన రికార్డు పాటలు మోగుతాయి, పిల్లలు చక్కగా తయారై తిరుగుతారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనం. కానీ ఎవరి నోరూ మెదలదు. స్పీకరు పాడుతుంటే తిరిగి అనాల్సిన పని ఎవరికీ లేదు.

పోయిన ఏడు మా గల్లీలో పాట అందుకునే అవ్వ కాలం చేసింది. ఆమెకు ఎన్ని పాటలు వచ్చో లెక్కపెట్టినవాళ్ళు లేరు. మనుమరాలి ఫోన్‌లో రెండు వీడియోలు ఉన్నాయి. ఒకటి 40 సెకన్లు, ఇంకోదాంట్లో కుక్కర్ విజిల్ గట్టిగా ఉంది. ఆ పిల్ల ఆ రెండూ ఎవరికీ పంపకుండా దాచుకుంది. మేము అడగలేదు.

ఇంకో అవ్వ ఉంది. ఆమె దగ్గరికి మాలో ముగ్గురం ఫోన్లు పట్టుకుని వెళ్ళాం, రికార్డు చేద్దామని. చాట ఒళ్ళో ఉంది, చేతులు ఆగడం లేదు. "పాడు అవ్వా" అంటే నవ్వింది. "ఒక్కదాన్నే ఎట్ల పాడాలె బిడ్డా? తిరిగి అనేటోళ్ళు లేకుంటే నాకు ముందల చరణం యాదికి రాదు" అంది. మాతో వచ్చిన చెల్లెలు ఒకామె పక్కన కూర్చుని, తెలిసినంత మటుకు తిరిగి అనడం మొదలుపెట్టింది. అప్పుడు వచ్చింది పాట. ఆగకుండా వచ్చింది. రెండుసార్లు పద్ధతి తప్పితే అవ్వ కళ్ళతోనే కసిరి, మళ్ళీ అందుకుంది. మాకు ఆ క్షణం మెబన్‌లో ఖాళీ కుర్చీ గుర్తొచ్చింది.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. బానిసత్వం మోసిన జనం బాధతో మన కష్టాన్ని తూచడం తగదు. మనం కూలి కోసం మన కాళ్ళ మీద నడిచొచ్చినవాళ్ళం. కానీ ఎగతాళికి పాట ముడుచుకుపోవడం అనేది మనకూ కొంచెం తెలుసు. పెళ్ళికని ఆ వైపు చుట్టాలింటికి పోతే "మీ తెలుగులో మరాఠీ ఎక్కువ, తెలుగు తక్కువ" అని నవ్వుతారు. ఇక్కడేమో బడిలో పేరు విని "తెలుగువాళ్ళా" అంటారు. రెండువైపులా నవ్వులు పడ్డ పిల్ల నోరు తెరిచి పాడమంటే ఎందుకు పాడుతుంది? స్పీకరు అయితే ఎవరూ నవ్వరు.

పోయిన సమావేశంలో ఒక అన్న అన్నాడు, "అన్నీ రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడితే అయిపోయె గదా" అని. చేద్దాం, తప్పకుండా చేద్దాం. ర్యాంబ్లర్స్‌వాళ్ళకు పాత రికార్డులు లేకపోతే దారే లేదు. కానీ రికార్డు తిరిగి అనదు. అవ్వకు కావలసింది తిరిగి అనేవాళ్ళు. ఇంకో తమ్ముడు "పిల్లలు డీజే లేకుంటే రారు" అన్నాడు. వాడి మాటలో నిజముంది. అందుకే డీజే వద్దని మేము అనడం లేదు. 9 రోజుల్లో 3 రోజులు స్పీకరు లేకుండా ఒక్క గంట ఇవ్వమంటున్నాం. అందులో ఎంగిలిపూల రోజు ఒకటి ఉండాలి, సద్దుల రోజు జనం ఎక్కువ కాబట్టి ఆ రోజు మీ ఇష్టం.

దానికి ముందు పని ఉంది. రేపు వచ్చే గురువారం నుంచి ప్రతి గురువారం సాయంత్రం 6 గంటలకు సంఘం ఆఫీసు వెనక గది తెరిచి ఉంటుంది. గురువారమే ఎందుకో ఇంత చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అవ్వలు చాటలు తెచ్చుకోవచ్చు, పని పోగొట్టుకుని పాడమని మేము అడగం. వచ్చి పోయే ఆటో ఖర్చు సంఘానిది, ఈ మాట కోశాధికారి గారు ఒప్పుకున్నారు, ఆయన పేరు మీదే రాస్తున్నాం. పిల్లల్ని పంపండి, ఆడపిల్లల్నే కాదు, మగపిల్లల్నీ పంపండి. తెలుగు రాకపోయినా ఫరవాలేదు, తిరిగి అంటే చాలు. ఫోన్లు తెచ్చుకోండి, కానీ చివరి అరగంటలోనే బయటికి తీయండి.

మీ గల్లీలో పాట అందుకునే అవ్వలుంటే కింద రాయండి. పేరు, నెంబరు ఇక్కడ పెట్టొద్దు. ఏ గల్లీ, ఎవరి ఇంటి పక్కన అని చెబితే చాలు, మేమే వచ్చి అడుగుతాం. చాయ్ పొయ్యి మీద పెట్టి ఉంచండి.